ఊడ్చే యంత్రంతో ఊళ్లేలిన అన్నా బిస్సెల్

ఇల్లు ఊడ్చడం కూడా ఒక పనేనా అని తీసిపారేసేవాళ్లకు లోకంలో కొదవ లేదు. వాకిలి ఊడ్చి, కళ్లాపి చల్లి, ముగ్గు పెడితేగానీ మనకు తెల్లవారదు. అయినా ఆ పనికి లెక్క ఉండదు, జీతం ఉండదు, పేరు అసలే ఉండదు. అలాంటి ఊడ్పు పనినే నమ్ముకుని ఊరూరా తిరిగి తివాచీలు ఊడ్చే యంత్రాన్ని అమ్మిందో ఇల్లాలు. భర్త పోయాక ముప్ఫై ఏళ్లపాటు ఫ్యాక్టరీని తానే నడిపింది. ఆమె పేరు అన్నా బిస్సెల్. పేరు చూసి అన్న అనుకునేరు... అక్కే!

కూకట్‌పల్లిలో ఉంటూ ఆఫీసుల్లో కార్పెట్లు శుభ్రం చేసే పని చేసుకునేదాన్ని కాబట్టి ఆమె కథ నాకు మరీ దగ్గరగా అనిపించింది. మనలో చాలామందికి ఆమె యంత్రం పేరు తెలుసేమో గానీ, ఆ పేరు వెనక ఉన్న మనిషి తెలియదు. అందుకే ఈ నాలుగు మాటలు.

పదహారేళ్లకే టీచరమ్మ

అన్నా సదర్లాండ్ 1846 డిసెంబరు 2న ఇప్పటి కెనడాలోని నోవా స్కోషియాలో, రివర్ జాన్ అనే చిన్న ఊళ్లో పుట్టింది. చిన్నతనంలోనే తల్లిదండ్రులు అమెరికాకు తరలివెళ్లి విస్కాన్సిన్ రాష్ట్రంలో డీ పేర్ అనే ఊళ్లో స్థిరపడ్డారు. అన్నా పదహారేళ్లకే బళ్లో టీచరైంది. ఆ వయసులో పిల్లల ముందు నిలబడి పాఠం చెప్పాలంటే గొంతులో బెరుకు ఉండకూడదు. తర్వాతి రోజుల్లో కొత్త ఊళ్లో, కొత్త గడపలో నిలబడి తన యంత్రం గురించి చెప్పడానికి ఆ అలవాటే అక్కరకొచ్చి ఉంటుంది!

1865లో మెల్విల్ బిస్సెల్‌తో పెళ్లయింది. అప్పటికి ఆమెకు నిండా పంతొమ్మిదేళ్లు కూడా లేవు. మెల్విల్‌ది వ్యాపార కుటుంబం. పింగాణీ సామాన్ల దుకాణం వాళ్లది. మొదట మిషిగన్ రాష్ట్రంలోని కలమజూలో, తర్వాత అదే రాష్ట్రంలోని గ్రాండ్ ర్యాపిడ్స్‌లో దుకాణం నడిపారు. అన్నా ఇంట్లో కూర్చోలేదు. భర్తతో సమానంగా దుకాణం పని చూసుకునేది.

రంపపు పొట్టు తెచ్చిన తంటా

పింగాణీ పగలకుండా ఉండాలంటే పెట్టెలో మెత్తటి పొట్టు వెయ్యాలి. మనవాళ్లు గాజు సామాన్లకు గడ్డి చుట్టినట్టు అక్కడ రంపపు పొట్టు, గడ్డి వేసేవారు. పెట్టె విప్పితే చాలు, ఆ పొట్టంతా దుకాణంలో పరిచిన తివాచీలోకి దిగిపోయేది. చీపురుతో ఊడిస్తే పైది పోతుంది గానీ నూలు సందుల్లో ఇరుక్కున్నది పోదు. పైపెచ్చు దుమ్ము లేచి ముక్కుల్లోకి, గొంతులోకి...

ఆ బాధ వాళ్లొక్కరిదే కాదు. ఆ రోజుల్లో అమెరికాలో, యూరప్‌లో ఇళ్లలో తివాచీ శుభ్రం చెయ్యాలంటే దాన్ని చుట్టి ఆరుబయటకు మోసుకెళ్లి, తాడు మీద వేసి, కర్రతో దుమ్ము దులపాలి. మన దగ్గర మాత్రం వేరా! ఏలూరు తివాచీ అయినా, వరంగల్ కొత్తవాడ నేతగాళ్లు నేసే శతరంజీ అయినా ఎండలో వేసి కర్రతో కొట్టినవాళ్లమే మనమూ. (ఆ వరంగల్ శతరంజీలకు 2018లో భౌగోళిక గుర్తింపు వచ్చింది.) చేతులు పడిపోయే పని అది. పని మాత్రం ఆడవాళ్లదే.

తివాచీ ఊడ్చే చేతియంత్రాలు అప్పటికే కొన్ని ఉన్నా వాటి పని అంతంతమాత్రం. మెల్విల్ తనకు పనికొచ్చేలా ఒక యంత్రం తయారుచేసి 1876లో పేటెంటు తీసుకున్నాడు. దానికి కరెంటు అక్కర్లేదు. కర్ర పట్టుకుని ముందుకు తోస్తే చక్రాలు తిరుగుతాయి, చక్రాలతోపాటు లోపలి బ్రష్షు తిరుగుతుంది, చెత్తను ఎత్తి పక్కనున్న పెట్టెలో వేస్తుంది. వంగక్కర్లేదు, దుమ్ము లేవదు. అంతే!

బుట్టల్లో కుచ్చులు... గడప గడపకూ ప్రయాణం

దుకాణానికి వచ్చినవాళ్లు యంత్రాన్ని చూసి మాకూ కావాలనడం మొదలుపెట్టారు. ఫ్యాక్టరీ ఇంకా లేదు. దుకాణం పైఅంతస్తే కార్ఖానా. బ్రష్షుకు కావలసిన పంది వెంట్రుకల కుచ్చులను చుట్టుపక్కల ఇళ్లలో ఆడవాళ్లు తయారుచేసి ఇచ్చేవారు. కుచ్చు కట్టాలి, వేడి కీలులో ముంచాలి, బ్రష్షులో అమర్చాలి, కత్తెరతో సమంగా కత్తిరించాలి. మన దగ్గర ఇంటిపట్టున బీడీలు చుట్టినట్టు, అప్పడాలు ఒత్తినట్టు! ఆ ఇళ్లకు వెళ్లి సరుకును బట్టల బుట్టల్లో పోగుచేసుకుని తెచ్చే పని అన్నాదే.

అమ్మే పని కూడా ఆమె తీసుకుంది. గుర్రబ్బండి మీద ఊరూరా తిరిగింది. గడప ఎక్కి, ఆ ఇంటి తివాచీ మీదే చెత్త పోసి, తన యంత్రంతో ఎత్తి చూపించేది. కళ్లముందు కనిపిస్తుంటే ఇక మాటలెందుకు? ఇల్లాళ్లు కొన్నారు. తర్వాత పెద్ద దుకాణాల మెట్లెక్కింది. ఫిలడెల్ఫియాలో పేరుమోసిన వ్యాపారి జాన్ వానామేకర్‌ను ఒప్పించి ఆయన దుకాణంలో తన సరుకు పెట్టించింది. ఆడవాళ్లు వ్యాపారం మాట్లాడటమే వింతగా చూసే కాలంలో ఇదంతా జరిగిందని మరిచిపోకండి.

మంటల్లో ఫ్యాక్టరీ

1883లో గ్రాండ్ ర్యాపిడ్స్‌లో మొదటి ఫ్యాక్టరీ కట్టుకున్నారు. మరుసటి ఏడాదే, 1884లో, అగ్నిప్రమాదంలో అది బుగ్గయింది. ఎవరైనా తల పట్టుకుని కూర్చుంటారు. అన్నా బ్యాంకుల చుట్టూ తిరిగింది. ఊళ్లో ఆమెకున్న మంచిపేరే హామీ. అప్పు పుట్టింది. మూడు వారాల్లోపే మళ్లీ యంత్రాలు తయారవడం మొదలైంది.

నిలదొక్కుకున్నాం అనుకుంటుండగా 1889లో మెల్విల్ న్యుమోనియాతో కన్నుమూశాడు. ఆయనకు నలభై అయిదేళ్లు. అన్నాకు నలభై రెండు. అయిదుగురు పిల్లల్ని కన్న తల్లి. ఫ్యాక్టరీని ఎవరికైనా అమ్మేసి పిల్లల్ని పెంచుకోమనే సలహాలకు ఏ ఊళ్లోనూ కరువుండదు. ఆమె మాత్రం భర్త కుర్చీలో కూర్చుంది. అమెరికాలో ఒక పెద్ద కంపెనీకి అధ్యక్షురాలైన తొలి మహిళగా ఈనాటికీ ఆమె పేరే చెబుతారు.

ఇంకో మాట గమనించండి. అమెరికాలో దేశమంతటా ఆడవాళ్లకు ఓటు హక్కు వచ్చింది 1920లో. అన్నా 1889 నుంచి 1919 దాకా కంపెనీ అధ్యక్షురాలిగా చేసింది. అంటే ముప్ఫై ఏళ్లు వందలమందికి జీతాలిచ్చిన మనిషికి దేశాధ్యక్షుణ్ని ఎన్నుకునే విషయంలో మాత్రం నోరు లేదన్నమాట!

పేరే ముద్ర

కుర్చీలో కూర్చోగానే ఆమె గట్టిగా పట్టుకున్నవి రెండు. ఒకటి పేటెంట్లు, ట్రేడ్‌మార్కు. తన యంత్రంలాంటిదే చేసి తన పేరు పెట్టి అమ్మితే ఊరుకునేది కాదు. రెండోది విదేశీ వ్యాపారం. యూరప్ దేశాలకు సరుకు పంపింది. ఇంగ్లండులో విక్టోరియా రాణి తన రాజప్రాసాదంలో తివాచీలను బిస్సెల్ యంత్రంతోనే ఊడిపించేదని చెప్పుకుంటారు.

పనివాళ్ల విషయంలోనూ ఆమె తీరే వేరు. పింఛను, పనిలో దెబ్బ తగిలితే పరిహారం... ఇవి చట్టాల్లోకి ఎక్కకముందే ఆమె ఫ్యాక్టరీలో ఉన్నాయి. ఇళ్లలో కూర్చుని కుచ్చులు కట్టిన ఆడవాళ్ల బుట్టలు మోసిన మనిషి కదా, పనిచేసే చేతుల విలువ ఆమెకు ఒకరు చెప్పాలా?

ఆమె గడప గడపకూ తిరిగి అమ్మిన రోజుల్లో యంత్రాన్ని పరీక్షించి బాగుంది అని ముద్ర వేసే సంస్థలు లేనట్టే. అమ్మినవాళ్ల పేరే ముద్ర. కొన్నవాళ్ల కన్నే పరీక్ష. ఇక్కడే ఆమె కథ మా కూకట్‌పల్లి గడపలోకి వస్తుంది.

ముద్ర ఉండాలా, వద్దా?

1998లో సైబర్ టవర్స్ మొదలైనప్పటి నుంచి హైటెక్ సిటీ చుట్టూ అద్దాల మేడలు లేస్తూనే ఉన్నాయి. వాటిలో ఏసీ గదుల నిండా కార్పెట్లు. వాటిని శుభ్రం చేసే చేతుల్లో చాలా భాగం కూకట్‌పల్లి, మూసాపేట, ప్రగతినగర్ గల్లీల నుంచి పొద్దున్నే బస్సో ఆటోనో మెట్రోనో ఎక్కే ఆడవాళ్లవే. ఉద్యోగస్తులు వచ్చేసరికి వీళ్ల పని అయిపోవాలి. అందుకే వీళ్లు ఎవరి కంటా పడరు.

మేం ఎనిమిదిమందిమి కలిసి ఇలాంటి పనే పట్టుకుని చేస్తున్నాం. ఆ మధ్య పని ఇస్తామన్న ఒక ఆఫీసువాళ్లు సర్టిఫికేషన్ ఉన్న యంత్రాలతోనే కార్పెట్ కడగాలని షరతు పెట్టారు. మా దగ్గరున్న యంత్రం నడుస్తోంది గానీ దాని మీద ఏ ముద్రా లేదు. కొత్తది కొనాలంటే సంఘంలో అప్పు తియ్యాలి. మాలో సగంమంది కొందామన్నారు. మిగతా సగం, చేతిలో పనితనం ఉంటే యంత్రానికి ముద్ర దేనికని వాదించారు. ఒక రాత్రంతా ఇదే రగడ! నెల తిరిగేసరికి పిల్లల ఫీజులు కట్టాల్సిన వాళ్లకు ఇది చిన్న విషయం కాదు.

నేను తెలుసుకున్నదేమంటే, ముద్ర అనేది ఒక్కటి కాదు, మూడు రకాలు.

మొదటిది ప్రాణానికి సంబంధించినది. కరెంటు వస్తువులు ఇళ్లలోకి రాగానే షాకులు, నిప్పులు కూడా వచ్చాయి. అమెరికాలో అండర్‌రైటర్స్ లేబొరేటరీస్ అనే సంస్థ 1894లో మొదలై అలాంటి సామాన్లను పరీక్షించడం చేపట్టింది. మన దేశంలో 1947లో భారత ప్రమాణాల సంస్థ వచ్చింది. దాని ముద్రే మనకు తెలిసిన ఐ.ఎస్.ఐ. మార్కు. 1987లో ఆ సంస్థ స్థానంలో బ్యూరో ఆఫ్ ఇండియన్ స్టాండర్డ్స్ ఏర్పడినా మార్కు అదే ఉండిపోయింది. ఇంట్లో వాడే వ్యాక్యూమ్ క్లీనర్‌కు ఒక ప్రమాణం, ఆఫీసుల్లో గంటల తరబడి నడిచే తడి-పొడి యంత్రానికి అంతర్జాతీయంగా వేరే ప్రమాణం ఉన్నాయి. మొదటిదాన్ని 60335-2-2 అనీ, రెండోదాన్ని 60335-2-69 అనీ అంకెలతో గుర్తిస్తారు. ఇంటి యంత్రాన్ని ఆఫీసు పనికి తోస్తే ముద్ర ఉండీ లేనట్టే.

ఇది నాకు పుస్తకాల్లో తెలిసింది కాదు. ఒక వాణిజ్య సముదాయంలో అక్కడివాళ్లే ఇచ్చిన యంత్రంతో మాలో ఒకావిడ పనిచేస్తోంది. ప్లగ్గుకు ఎర్తు పిన్ను విరిగిపోయి ఉంది. తడి కార్పెట్ మీద ఒట్టి కాళ్లతో నిలబడి స్విచ్చి వేసింది. విసిరికొట్టినట్టు పడిపోయింది. దేవుడి దయవల్ల బతికింది. రెండు వారాలు చెయ్యి పైకి లేవలేదు, ఆ రెండు వారాల కూలీ ఎవరూ ఇవ్వలేదు. నీళ్లూ కరెంటూ కలిసే పనిలో ఈ మొదటి ముద్ర మీద బేరాల్లేవని ఆరోజే తేలిపోయింది.

రెండోది పనితనానికి సంబంధించినది. అమెరికాలో కార్పెట్లు తయారుచేసేవాళ్ల సంస్థ, కార్పెట్ అండ్ రగ్ ఇన్‌స్టిట్యూట్, యంత్రాలకు ఇలాంటి ముద్ర ఇస్తుంది. కొలత కోసం కలిపిన మట్టిని కార్పెట్‌కు పట్టించి, కడగక ముందూ కడిగాకా ఎక్స్‌రే సాయంతో ఎంత మట్టి పోయిందో లెక్కకడతారు. నీళ్లు ఎంత వెనక్కి లాగింది, నూలు పాడయిందా అనేవి కూడా చూస్తారు. ఇది కళ్లతో చూసి చెప్పేదానికన్నా నికరం. కొన్ని కార్పెట్ కంపెనీలు తమ వారంటీ నిలవాలంటే ఇలాంటి యంత్రంతోనే కడగాలంటాయి. అలాంటి కార్పెట్ ఉన్నచోట ముద్ర లేకపోతే పోయేది మన పనే.

అయితే ప్రయోగశాల వేరు, మన బోరు నీళ్లు వేరు. ఉప్పు నీళ్లలో సబ్బు పొడి సరిగా కరగదు. జిగురుగా కార్పెట్‌లో మిగిలిపోయి వారం తిరక్కుండా మళ్లీ మట్టి పట్టిస్తుంది. అందులో యంత్రం తప్పేముంది? తడి పెట్టకముందే పొడి మట్టిని బాగా లాగెయ్యాలి, మందు తక్కువ వాడాలి, నీళ్లు పోసినంత ఓపిగ్గా వెనక్కి లాగాలి, ఫ్యాన్లు పెట్టి ఆరబెట్టాలి. ఇవన్నీ చేతిలో ఉన్నవి. అందుకే మూడో ముద్ర మనిషికి. 1972లో అమెరికాలో మొదలైన ఐ.ఐ.సి.ఆర్.సి. అనే సంస్థ కార్పెట్ శుభ్రం చేసేవాళ్లకు శిక్షణ, పరీక్ష, సర్టిఫికెట్ అనే పద్ధతి తెచ్చింది. నన్నడిగితే రెండో ముద్ర కన్నా ఈ మూడోదే విలువైనది. పనివాళ్లకు నేర్పించకుండా ఖరీదైన యంత్రం కొనడం వీణ కొని మూల పెట్టడం లాంటిదే!

చివరికి మేం సంఘంలో అప్పు తీసి, కరెంటు భద్రత ముద్ర ఉన్న యంత్రం కొన్నాం. రెండో ముద్ర గురించి ఆఫీసువాళ్లను వాళ్ల కార్పెట్ వారంటీ కాగితం చూపించమన్నాం. అందులో అలాంటి షరతేమీ లేదు. అప్పుడు వాళ్ల ముందే మూల ఉన్న గజం మేర కడిగి, ఎండాక చూసుకోమన్నాం. అన్నా బిస్సెల్ గడపలో చేసిన పనే! పని మాకే వచ్చింది. అడుగుకు ఇంత అని కట్టిన రేటులో యంత్రం అప్పు కూడా కలిపాం. ముద్ర కావాలని అడిగేవాళ్లు దాని ఖర్చు కూడా భరించాలి. ఆ భారం కూలీలో కోత కాకూడదు.

చీపురు కర్ర నుంచి వ్యాక్యూమ్ దాకా

అన్నా బతికుండగానే కాలం మారింది. 1901లో లండన్‌లో హ్యూబర్ట్ సెసిల్ బూత్ గాలితో దుమ్ము లాగే యంత్రం తెచ్చాడు. అది ఎంత పెద్దదంటే గుర్రబ్బండి మీద వీధిలో నిలబెట్టి, గొట్టాలను కిటికీల్లోంచి లోపలికి పంపేవారు. 1908లో ఒహాయో రాష్ట్రంలోని కాంటన్‌లో జేమ్స్ మర్రీ స్పాంగ్లర్ అనే ఆయన చేతితో తోసే కరెంటు యంత్రానికి పేటెంటు తీసుకున్నాడు. ఆయన ఎవరనుకున్నారు? దుకాణంలో ఊడ్చే పనివాడు. ఆస్తమా మనిషి. ఫ్యాను మోటారు, చీపురు కర్ర, దిండు గలీబు కలిపి మొదటి నమూనా చేసుకున్నాడు. ఆ హక్కులు కొన్న హూవర్ పేరు ప్రపంచమంతా మోగింది గానీ స్పాంగ్లర్ పేరు ఎవరికి గుర్తుంది? ఊడ్చేవాడి బాధ ఊడ్చేవాడికే తెలుసు. మందు కనిపెట్టేదీ వాడే.

చివరిదాకా పనిలోనే

1919లో అధ్యక్ష పదవి వదిలినా అన్నా బోర్డు ఛైర్మన్‌గా కొనసాగింది. వ్యాపారంతో సరిపెట్టుకోలేదు. గ్రాండ్ ర్యాపిడ్స్‌లో బిస్సెల్ హౌస్ పేరుతో పిల్లలకూ, వలస వచ్చిన ఆడవాళ్లకూ ఆటపాటలు, పనులు నేర్పే కేంద్రం పెట్టింది. అనాథ పిల్లల ఆశ్రమానికి అండగా నిలిచింది. హార్డ్‌వేర్ వ్యాపారుల జాతీయ సంఘంలో ఏళ్ల తరబడి ఆమె ఒక్కతే ఆడమనిషి.

1934 నవంబరు 8న, ఎనభై ఏడేళ్ల వయసులో ఆమె కన్నుమూసింది. కంపెనీ ఇంకా ఆ కుటుంబం చేతుల్లోనే ఉంది. 2016లో గ్రాండ్ ర్యాపిడ్స్ నడిబొడ్డున ఆమె విగ్రహం పెట్టారు.

మీరు కొనేముందు...

ఇంటికైనా, పనికైనా యంత్రం కొనేటప్పుడు ఈ నాలుగూ చూసుకోండి.

ఐ.ఎస్.ఐ. గుర్తు ఉంటే పైన ప్రమాణం అంకె, కింద సి.ఎం./ఎల్ అక్షరాలతో లైసెన్సు నంబరు ఉండాలి. ఆ నంబరును బి.ఐ.ఎస్. కేర్ అనే ఫోను యాప్‌లో కొట్టి అసలో నకిలీయో తేల్చుకోవచ్చు.

ఎర్తు పిన్ను ఉండేలా చేసిన ప్లగ్గులో ఆ పిన్ను విరిగిపోతే, వైరుకు టేపు చుట్టి ఉంటే, ఎవరు చెప్పినా స్విచ్చి వెయ్యకండి. తడి పని చేసేచోట షాకు కొడితే కరెంటు తనంతట తానే ఆగిపోయే 30 మిల్లీ ఆంపియర్ల ఆర్.సి.సి.బి. ఉందో లేదో అడగండి.

దుమ్ముతో దగ్గు, ఆయాసం ఉన్నవాళ్లు హెపా ఫిల్టరు ఉన్నది చూసుకోండి. 0.3 మైక్రాన్ల ధూళిని 99.97 శాతం దాకా ఆపగలగడం దాని లక్షణంగా చెబుతారు.

అన్నిటికన్నా ముఖ్యం, అమ్మేవాణ్ని మీ ఇంటి కార్పెట్ మీదే నడిపి చూపించమనండి. నూట యాభై ఏళ్ల కిందట ఒక ఇల్లాలు ఆ పరీక్షకు తానే ముందుకొచ్చి నిలబడింది. ఇప్పటివాళ్లు నిలబడలేరా!